సెర్చ్ ఇంజిన్ల ఉచిత సాధనాలు: నెల్లూరు తీరపు వెబ్‌సైట్లు

వెబ్‌సైట్ సెర్చ్ ఫలితాల్లో ఎక్కడ కనిపిస్తోంది, ఏ మాటలు కొట్టినవారికి కనిపిస్తోంది, ఏ పేజీలు సెర్చ్ ఇంజిన్‌కు అందకుండా పోతున్నాయి అనే సంగతులను యజమానికి చూపించే సాధనాలను సెర్చ్ కంపెనీలే పైసా తీసుకోకుండా ఇస్తున్నాయి. గూగుల్ సెర్చ్ కన్సోల్, బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్ వీటిలో ప్రధానమైనవి. గూగుల్ ట్రెండ్స్, పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, రిచ్ రిజల్ట్స్ టెస్ట్ వీటికి తోడు. ఇవేవీ సైట్‌ను తమంతట తాము బాగుచేయవు. ఎవరు ఏం అడిగారో, వారికి ఏం దొరికిందో చూపిస్తాయి. ఆ అంకెలను ఊరూ కాలమూ ఎరిగి చదువుకోవడం యజమాని పని. నెల్లూరు తీరంలో ఆ పని మరీ అవసరం.

జువ్వలదిన్నె చేపల రేవు నుంచి ఇస్కపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, తూపిలిపాలెం మీదుగా శ్రీహరికోట, పులికాట్ దాకా సాగే ఈ తీరంలో వెబ్‌సైట్ అవసరమైన వృత్తులు చాలా ఉన్నాయి. రొయ్యల హేచరీలు, మేత డీలర్లు, ఎగుమతిదారులు, పోర్టు చుట్టూ బతికే రవాణా సంస్థలు, బీచ్‌ల దగ్గర బసలు, నేలపట్టు పక్షులను చూపించే టూర్ నిర్వాహకులు, ఊరి గుడులూ కాలేజీలూ అందులో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నేలపట్టు, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. వాటిని నెల్లూరు పేరుతో వెతికే అలవాటు మాత్రం ప్రభుత్వ ఉత్తర్వుతో మారేది కాదు. అందుకే ఈ వ్యాసంలో ‘నెల్లూరు తీరం’ అంటే పాత జిల్లా తీరమంతా.

పుట్టుక

సెర్చ్ ఇంజిన్లకు సైట్ యజమానులు ఏదైనా చెప్పుకునే దారులు మొదట్లో కొద్దిగానే ఉండేవి. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన రోబోట్స్ ఫైలు ‘ఈ గదిలోకి రావద్దు’ అని యంత్రాలకు చెప్పేది. దాన్ని లాంఛనంగా ఇంటర్నెట్ ప్రమాణంగా రాసుకోవడానికి 2022 దాకా పట్టింది. ‘ఈ గదులన్నిటిలోకీ రండి’ అని జాబితా ఇచ్చే ఏర్పాటు 2005 జూన్‌లో గూగుల్ సైట్‌మ్యాప్స్‌తో వచ్చింది. సైట్‌లోని పేజీల చిరునామాలన్నీ ఒక ఫైల్లో రాసి గూగుల్‌కు ఇవ్వడమే ఆ పని. మరుసటి ఏడాది నవంబరులో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా అదే పద్ధతిని ఒప్పుకున్నాయి. ఒక్కో సైట్‌మ్యాప్ ఫైల్లో 50,000 చిరునామాల దాకా పెట్టవచ్చు. చిన్న సైట్లకు అందులో కొద్ది భాగమే సరిపోతుంది.

గూగుల్ సైట్‌మ్యాప్స్ 2006లో వెబ్‌మాస్టర్ టూల్స్‌గా, 2015 మేలో సెర్చ్ కన్సోల్‌గా పేరు మార్చుకుంది. దీన్ని వాడేవాళ్లలో వెబ్‌మాస్టర్లే కాక చిన్న వ్యాపారులు, సరదాగా సైట్ నడుపుకునేవారు కూడా ఉన్నారని గూగుల్ అప్పట్లో కారణం చెప్పింది. మైక్రోసాఫ్ట్ 2007లో మొదలుపెట్టిన వెబ్‌మాస్టర్ కేంద్రం 2009లో బింగ్ పేరు తెచ్చుకుంది. యాహూ నడిపిన సైట్ ఎక్స్‌ప్లోరర్ 2011లో మూతపడింది.

తెలుగు సైట్లకు ఆ తొలి రోజుల్లో ఇవి పెద్దగా ఉపయోగపడలేదు. అప్పటి తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లో కాక సొంత ఫాంట్లలో ఉండేవి. తెర మీద తెలుగే కనిపించినా లోపల ఉన్నది అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరుస, సెర్చ్ ఇంజిన్ చదివేదీ దాన్నే. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా అది ఇళ్లలోకి, ఆఫీసుల్లోకి రావడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. పూర్తిగా వచ్చిందనీ అనలేం. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కూర్చిన కరపత్రాన్ని పీడీఎఫ్ చేసి సైట్‌లో పెట్టే అలవాటు ఇంకా ఉంది. తిరునాళ్ల కార్యక్రమాలు, ప్రవేశ ప్రకటనలు ఇలా ఎక్కించినవైతే మనిషి కంటికి కనిపిస్తాయి, వెతికితే దొరకవు. సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్, మామూలు వెబ్ పేజీల విషయంలో ఈ గుట్టు రట్టు చేస్తుంది. గూగుల్ ఆ పేజీలో ఏం చదివిందో ఉన్నదున్నట్టు చూపిస్తుంది. అక్కడ తెలుగు అక్షరాలకు బదులు గజిబిజి కనిపిస్తే, ఎన్ని మెరుగులు దిద్దినా ఫలితం ఉండదు. పాఠాన్ని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించుకోవాలి.

సైట్ ఎవరిది?

ఈ సాధనాలు తెరుచుకోవాలంటే సైట్ మనదేనని రుజువు చేయాలి. సైట్‌లో చిన్న ఫైలు పెట్టడం, మొదటి పేజీ కోడ్‌లో ఒక వరుస చేర్చడం, డొమైన్ రికార్డుల్లో గూగుల్ ఇచ్చిన మాట రాయడం వంటి పద్ధతులున్నాయి. చివరిదాని వల్ల డొమైన్ కిందున్న అన్ని భాగాలూ ఒకేచోట కనిపిస్తాయి.

రాతలో ఇది చిన్న మెట్టు. జిల్లాలో చాలామంది యజమానులు ఆగిపోయేది మాత్రం ఇక్కడే. సైట్‌ను నెల్లూరులోనో చెన్నైలోనో ఒక డిజైనర్ చేసి ఉంటాడు, డొమైన్ అతని పేరు మీదే ఉంటుంది, పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంటుంది. అతను వేరే ఉద్యోగానికి వెళ్లిపోతే సైట్ మిగులుతుంది, తాళంచెవి మిగలదు. కాబట్టి డొమైన్‌ను యజమాని తన పేరు మీద, తన ఈమెయిల్‌తో కొనుక్కోవడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. సెర్చ్ కన్సోల్‌లో యజమాని తన ఖాతా ఉంచుకుని డిజైనర్‌ను వాడుకరిగా చేర్చవచ్చు, అవసరం తీరాక తీసేయవచ్చు.

వెతికిన మాటలు

సెర్చ్ కన్సోల్‌లో విలువైన భాగం పర్ఫార్మెన్స్ రిపోర్ట్. ఫలితాల్లో సైట్ ఎన్నిసార్లు కనిపించింది (ఇంప్రెషన్లు), ఎన్నిసార్లు నొక్కారు (క్లిక్‌లు), ఆ రెండింటి నిష్పత్తి (సీటీఆర్), సగటు స్థానం ఎంత అన్న నాలుగు అంకెలను ప్రతి సెర్చ్ మాటకూ, ప్రతి పేజీకీ విడివిడిగా ఇస్తుంది. సగటు స్థానం చూసి కంగారు పడేవారు ఎక్కువ. కొత్త పేజీ ఒకటి ఎక్కడో 60వ స్థానంలో కనిపించడం మొదలైనా మొత్తం సగటు దిగజారినట్టే ఉంటుంది. అది నష్టం కాదు, నిన్నటిదాకా లేని చోట ఇవాళ కనిపించడం.

ఈ తీరంలో సెర్చ్ మాటల జాబితాను చూస్తే మొదట కళ్లపడేది ఊళ్ల పేర్ల స్పెల్లింగు. మైపాడును ఇంగ్లిష్ అక్షరాల్లో వై పెట్టి రాసేవారున్నారు, ఏ-ఐ పెట్టి రాసేవారున్నారు, చివరి అచ్చు ఎగరగొట్టేవారూ ఉన్నారు. తూపిలిపాలెం మొదట హెచ్ చేర్చాలా వద్దా అన్నదానికి నిర్ణయమే లేదు. పులికాట్‌ను ప్రళయ కావేరి అనేవారున్నారు, సరస్సుకు అవతల తమిళనాడు ఒడ్డున ఉన్నవారు పళవేర్కాడు అంటారు. 2008లో పొట్టి శ్రీరాములు పేరు చేరాక జిల్లా పేరుకు ఇంగ్లిష్‌లో పొడి అక్షరాలే రెండు మూడు రకాలుగా వాడుకలోకి వచ్చాయి. వీటికి తోడు ఒకే ప్రశ్నను తెలుగు లిపిలో ఒకరు, ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో మరొకరు, ఇంగ్లిష్‌లో ఇంకొకరు అడుగుతారు. రిపోర్టులో అవన్నీ వేర్వేరు వరుసలు. ఒక్కోదానికి పదేసి ఇంప్రెషన్లు చూసి ‘దీన్నెవరూ వెతకడం లేదు’ అనుకుంటే పొరపాటు.

2021లో సెర్చ్ కన్సోల్‌కు చేరిన రెజెక్స్ ఫిల్టర్ ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక పేరుకున్న స్పెల్లింగులన్నీ ఒకే సూత్రంలో ఇస్తే వాటి మొత్తం ఒకచోట తేలుతుంది. తెలుగు లిపి అక్షరాల శ్రేణినే సూత్రంగా ఇస్తే తెలుగులో అడిగినవారందరూ విడిగా కనిపిస్తారు. ఆ జాబితా చూశాక చేయాల్సింది స్పెల్లింగులన్నీ పేజీ అడుగున గుదిగుచ్చడం కాదు. అలా చేయడాన్ని సెర్చ్ ఇంజిన్లు ఏనాడో మోసంగా లెక్కకట్టాయి. శీర్షికలో జనం ఎక్కువగా వాడే రూపాన్ని ఉంచి, తెలుగు పేరును తెలుగులోనే ఒకసారి రాసి, పాత పేరో మారుపేరో ఉంటే వాక్యంలో సహజంగా చెబితే చాలు.

రొయ్యల విషయంలో చిక్కు మరో రకం. 1990ల్లో టైగర్ రొయ్యతో, 2009 తర్వాత వెనామీతో పెరిగిన సాగు ఇది. రైతు భాషలో ధర అంటే కౌంట్ ధర. కిలోకు 100 రొయ్యలు తూగితే 100 కౌంట్, 30 తూగితే 30 కౌంట్. రైతు వెతికేది ‘ఈరోజు 100 కౌంట్ ధర’. ఎగుమతి సంస్థ సైట్‌లో ఉండేది ‘అంతర్జాతీయ నాణ్యతా ప్రమాణాలు’. ఈ రెండూ ఎక్కడా కలవవు. అదే సమయంలో ‘నెల్లూరు రొయ్యలు’ అని కొట్టేవారిలో వేపుడు వండుకోవాలనుకునేవారూ ఉంటారు, ‘నెల్లూరు చేపల పులుసు’ సంగతి చెప్పక్కర్లేదు. చేపల వ్యాపారి సైట్‌కు వంట కోసం వెతికినవారి ఇంప్రెషన్లు కుప్పలుగా వచ్చి, క్లిక్‌లు లేక సీటీఆర్ పడిపోతే అందులో బాధపడాల్సింది లేదు. ఆ మాటలను ఫిల్టర్‌తో పక్కకు తీసి, కొనేవారి మాటలనే చూసుకోవాలి. లేదా నిజంగానే పులుసు చేసే పద్ధతి ఒక పేజీలో రాసి, ఆ వచ్చేవాళ్లకు చేపలు చూపించాలి. రెండోది మంచి వ్యాపారం.

చూసినవారు ఏ దేశంలో ఉన్నారో సెర్చ్ కన్సోల్ చెబుతుంది, ఏ ఊళ్లో ఉన్నారో చెప్పదు. అమెరికా నుంచో కువైట్ నుంచో చూస్తున్నవారిని గుర్తించవచ్చు. మైపాడు బసను వెతికింది నెల్లూరువారా హైదరాబాదువారా అన్నది మాత్రం తేలదు. గూగుల్ అనలిటిక్స్ ఊరి పేరు ఇస్తుంది కానీ మొబైల్ నెట్ విషయంలో ఆ ఊరు తప్పడం మామూలే. బస, హోటల్, దుకాణం లాంటివాటికి బిజినెస్ ప్రొఫైల్ లెక్కలే నమ్మదగ్గవి. మ్యాప్‌లో చూసి ఎంతమంది ఫోన్ చేశారు, ఎంతమంది దారి అడిగారు అన్నది అందులో ఉంటుంది. ఆ ప్రొఫైల్‌తోపాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేసింది. సొంత డొమైన్ లేకుండా దాని మీదే ఆధారపడిన చిన్న వ్యాపారులకు ఒక్కసారిగా సైటే లేకుండా పోయింది.

పండుగలు, రాకెట్లు, వేట నిషేధం

ఈ తీరంలో వెతుకులాట ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. నేలపట్టుకు గూడబాతులు, పులికాట్‌కు రాజహంసలు వచ్చేది చలికాలంలో. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ 2001లో మొదలైంది. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజుల్లో పరిసరాల బసలకు, దారులకు గిరాకీ. 1971 అక్టోబరులో చిన్న సౌండింగ్ రాకెట్‌తో మొదలైన ఆ కేంద్రం 2025 జనవరి 29న వందో ప్రయోగం జరుపుకుంది. 2019 నుంచి సామాన్య జనం అక్కడి గ్యాలరీలో కూర్చుని ప్రయోగం చూడటానికి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకునే వీలు కలిగింది. ప్రయోగం వాయిదా పడితే వెతుకులాట కూడా దాంతోపాటే వెనక్కి జరుగుతుంది.

ఇలాంటి చోట ‘పోయిన నెలకంటే క్లిక్‌లు సగానికి పడిపోయాయి’ అన్న మాటకు అర్థం లేదు. పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చమని అందరూ చెప్పే సలహా ఉంది. అదీ అన్నిసార్లూ కుదరదు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ ముహర్రం లెక్క ప్రకారం వస్తుంది కాబట్టి ఇంగ్లిష్ తేదీల్లో ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జులై 17న మొదలైతే 2025లో జులై 6నే వచ్చింది. ఆ వారాలను తేదీకి తేదీ పెట్టి పోల్చితే లేని పెరుగుదల, లేని తగ్గుదల రెండూ కనిపిస్తాయి. పండుగ తేదీకి ముందు ఇన్ని రోజులు, తర్వాత ఇన్ని రోజులు అని సొంతంగా తేదీలు ఎంచుకుని పోల్చుకోవడమే దారి. దర్గా దగ్గరి లాడ్జీలు పండుగ పేజీని ఏటా కొత్త చిరునామాతో పెట్టడం మరో దండగ పని. ఒకే చిరునామా ఉంచి లోపల తేదీలు మారిస్తే పాత పేజీ సంపాదించుకున్న స్థానం పోకుండా ఉంటుంది.

వీటన్నిటినీ మించిన ఉదంతం 2021 మేలో కృష్ణపట్నంలో జరిగింది. కోవిడ్ రెండో ఉధృతిలో స్థానిక నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం వేలాదిమంది ఆ ఊరికి తరలివచ్చారు. మే 21న జనం అదుపు తప్పడంతో పంపిణీ ఆగింది. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చింది, అయితే అది కోవిడ్‌ను నయం చేస్తుందన్న నిర్ధారణ లేదు. ఆ రోజుల్లో మందును ఆన్‌లైన్‌లో అమ్మడం పేరిట వచ్చిన వెబ్‌సైట్ వ్యవహారం పెద్ద వివాదమైంది. అప్పటిదాకా కృష్ణపట్నం అంటే పోర్టు. ఆ నెల్లో ఆ పేరు కొట్టినవారికి కావలసింది మందు. ఓడల సరుకు రవాణా చేసే సంస్థ తన సైట్ ఇంప్రెషన్లు పెరిగాయని మురిసిపోవడానికి అందులో ఏమీ లేదు.

ఇలాంటి ఉప్పెనను సొంత సైట్ లెక్కల నుంచి విడదీయడానికి గూగుల్ ట్రెండ్స్ పనికొస్తుంది. ఒక మాటను ఎంతమంది వెతికారో అది చెప్పదు, ఎంచుకున్న కాలంలో గరిష్ఠాన్ని 100గా పెట్టి మిగతా రోజులను దాంతో పోల్చి చూపిస్తుంది. ట్రెండ్స్‌లోనూ సైట్‌లోనూ ఒకేసారి పెరిగితే అది లోకం గాలి, సైట్‌లో మాత్రమే పెరిగితే అది మన పని. ఇంకో తేడా కూడా ఉంది. ట్రెండ్స్‌లో 2004 నుంచి చూడవచ్చు, సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలే ఉంచుతుంది. 2021 మే నాటి లెక్కలను దించి పెట్టుకోనివారికి 2022 చివరికి అవి లేవు. ఏటా ఒకసారి జాబితాను స్ప్రెడ్‌షీట్‌గా దించుకోవడానికి నిమిషాలు చాలు.

అందని పేజీలు

పేజ్ ఇండెక్సింగ్ రిపోర్టులో ఏ పేజీలు గూగుల్ జాబితాలో చేరాయో, చేరనివి ఎందుకు చేరలేదో ఉంటుంది. గూగుల్ చదివి కూడా చేర్చుకోని పేజీల వరుస పొడవుగా ఉంటే సాధారణంగా కారణం ఒకటే: ఆ పేజీలో కొత్త సంగతి లేదు. ఇరవై ఊళ్ల పేర్లు మార్చి ఒకే పాఠాన్ని ఇరవై పేజీలు చేసిన సైట్లకు ఇది ఎదురవుతుంది. ‘అల్లూరులో వెనామీ సీడ్’, ‘ముత్తుకూరులో వెనామీ సీడ్’ అని పేజీలు వేస్తే, అల్లూరు గుంటల ఉప్పదనానికీ ముత్తుకూరు గుంటల ఉప్పదనానికీ తేడా రాయగలిగినవాడికే రెండు పేజీలు అవసరం.

తెలుగు చిరునామాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. చిరునామాలో తెలుగు అక్షరం లోపల శాతం గుర్తుల వరుసగా మారుతుంది, హల్లు, గుణింతం, పొల్లు ఏదైనా సరే ఒక్కో తెలుగు గుర్తుకు తొమ్మిది అక్షరాలు పడతాయి. ‘నెల్లూరు’ అన్న ఒక్క మాటే 72 అక్షరాలు అవుతుంది. వర్డ్‌ప్రెస్ చిరునామాలో ఆ భాగానికి 200 అక్షరాలే ఇస్తుంది, అంటే తెలుగులో ఇరవైరెండు గుర్తులు దాటితే తోక తెగుతుంది. ‘నెల్లూరు జిల్లా రొయ్యల...’ అని మొదలయ్యే శీర్షికలన్నీ ఒకే చిరునామాకు కుదించుకుపోయి చివర 2, 3 అంకెలు తగిలించుకుంటాయి. సెర్చ్ ఇంజిన్‌కు దీంతో పెద్ద ఇబ్బంది లేదు. పర్ఫార్మెన్స్ రిపోర్టులో ఏ వరుస ఏ పేజీదో తెలియక తల పట్టుకునేది మనిషే. చిరునామా వరకు చిన్న ఇంగ్లిష్ మాటలు పెట్టి, శీర్షికనూ పాఠాన్నీ తెలుగులో ఉంచడం మేలు.

పట్టించుకోక వదిలేసిన సైట్లలోకి దొంగలు దూరి, మందుల ప్రకటనలో జపనీస్ సరుకుల పేజీలో వేలకొద్దీ నాటిపోవడం దేశమంతటా ఉన్న బెడద. మొదటి పేజీ మామూలుగానే ఉంటుంది కాబట్టి యజమానికి తెలియదు. సెర్చ్ కన్సోల్‌లో ఖాతా ఉంటే సెక్యూరిటీ హెచ్చరిక వస్తుంది. ఖాతా లేకపోయినా గూగుల్‌లో ‘సైట్’ అన్న ఆజ్ఞకు డొమైన్ పేరు జోడించి కొడితే తమ గుడి సైట్‌లో బూట్ల ధరలు కనిపించవచ్చు.

వేగం

పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ప్రధానంగా మూడు కొలతలు చూస్తుంది. ముఖ్యమైన బొమ్మో పాఠమో 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, చదువుతుండగా పేజీ అటూ ఇటూ గెంతకూడదు. వీటిలో రెండోది 2024 మార్చి నుంచి పాత కొలత స్థానంలో వచ్చింది. నిజమైన వాడుకరుల నుంచి 28 రోజులపాటు సేకరించిన లెక్క ఒకటి, అప్పటికప్పుడు చేసే పరీక్ష మరొకటి పక్కపక్కనే ఉంటాయి. చూసేవారు తక్కువున్న సైట్‌కు మొదటిది ఖాళీగా ఉంటుంది, ఇక్కడి చిన్న సైట్లలో చాలావాటి పరిస్థితి అదే. రెండోది ఒక మోస్తరు ఫోన్, నెమ్మది నెట్ ఊహించుకుని చేసే పరీక్ష. పులికాట్ ఒడ్డున సిగ్నల్ కోసం చెయ్యెత్తే మనిషికి అది దగ్గరగానే ఉంటుంది. పక్షుల సైట్లను, బసల సైట్లను నెమ్మదింపజేసేది ఎప్పుడూ కెమెరా నుంచి నేరుగా ఎక్కించిన ఫొటోలే. వాటిని చిన్నవి చేశాక మార్కు వందకు ఎంత వచ్చిందన్నది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

బింగ్

బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌ను పట్టించుకునేవారు తక్కువ. సెర్చ్ కన్సోల్ నుంచి సైట్‌ను నేరుగా తెచ్చుకోవచ్చు కాబట్టి శ్రమ లేదు. ఇందులోని సైట్ స్కాన్ తెగిన లింకులను, శీర్షిక లేని పేజీలను వరుసపెట్టి చూపిస్తుంది. 2021 అక్టోబరులో మైక్రోసాఫ్ట్, యాండెక్స్ తెచ్చిన ఇండెక్స్‌నౌ పద్ధతిలో పేజీ మారిన వెంటనే సైటే సెర్చ్ ఇంజిన్‌కు కబురు పెడుతుంది. రోజూ ధర మారే రొయ్యల సైట్‌కు ఇది సరైన ఏర్పాటు, కానీ గూగుల్ ఇందులో చేరలేదు.

పరిమితులు

సెర్చ్ కన్సోల్ తెర మీద 1,000 వరుసలకు మించి చూపదు. మరీ కొద్దిమంది వెతికిన మాటలను గోప్యత కోసం దాచేస్తుంది. చిన్న సైట్లలో ఈ దాచిన భాగమే ఎక్కువ కావచ్చు, అందుకే మాటలవారీ క్లిక్‌లను కూడితే మొత్తానికి సరిపోదు. లెక్క తప్పలేదు.

గూగుల్ 2024 ఆగస్టులో భారత్‌కు తెచ్చిన ఏఐ ఓవర్‌వ్యూలు ఇంకో కొత్త చిక్కు. ఇవి ప్రశ్నకు జవాబు ఫలితాల పైనే కూర్చి ఇస్తాయి, దానికి ఆధారమైన సైట్‌ను పక్కన చూపిస్తాయి. అలా కనిపించినదీ ఇంప్రెషనే, కానీ సెర్చ్ కన్సోల్ దాన్ని మామూలు సెర్చ్‌తో కలిపే లెక్కిస్తుంది. ఇంప్రెషన్లు నిలకడగా ఉండి క్లిక్‌లు తగ్గుతుంటే, ఏ మాటల దగ్గర తగ్గాయో చూడాలి. ‘వేట నిషేధం ఎప్పుడు ముగుస్తుంది’ లాంటి ఒక్క ముక్క జవాబు ప్రశ్నలకు ఇక క్లిక్‌లు తిరిగిరావు. ‘మైపాడులో రేపటికి గది ఉందా’ అన్నదానికి మాత్రం ఇప్పటికీ సైట్‌లోకి రావాలి, లేదా అక్కడున్న నంబరుకు ఫోన్ చేయాలి.